మీ రీఫ్ ట్యాంకు ప్యాకేజీ గురించి: చిల్లర్, సంప్, స్టాండ్ మీద ఫిర్యాదు

గుంటూరు,
జూన్ 10

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఫిబ్రవరిలో మా ఇంట్లో బిగించిన 4 అడుగుల రీఫ్ అక్వేరియం (పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు). సరిపోని చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం), చిన్న సంప్ (ట్యాంకు కింద ఉండే రెండో తొట్టి), కొటేషన్‌లో రాసింది ఒకటి ఇచ్చింది ఒకటిగా ఉన్న స్టాండ్. మార్పిడి, నష్టపరిహారం కోరుతూ.

నమస్కారం.

మే 28న నేను రాసిన ఫిర్యాదుకి జవాబుగా మే 31న మీ సర్వీసు విభాగం నుంచి మూడు లైన్ల మెయిల్ వచ్చింది. పరికరంలో తయారీ లోపం ఏమీ లేదట. ప్యాకేజీ ఎంచుకున్నది కస్టమరేనట. కాబట్టి వారంటీ వర్తించదట. ఇందులో మొదటి మాట నిజమే. మీ చిల్లర్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. రోజుకి 24 గంటలూ ఆగకుండా పనిచేస్తోంది, నా బాధంతా అదే. రెండో మాట మాత్రం అబద్ధం. ఈ ఉత్తరం ఆ రెండో మాట కోసమే రాస్తున్నాను.

నేను ఇంతకు ముందు సముద్రపు ట్యాంకు పెట్టినవాణ్ణి కాదు. పదేళ్లుగా మంచినీళ్లలో గోల్డ్‌ఫిష్, ఏంజెల్ చేపలు పెంచాను, అంతే. గాజు ఎంత మందం ఉండాలో, నీళ్లలో మురికి తీసే స్కిమ్మర్ ఎంతది కావాలో నాకు తెలియదు కాబట్టే మీ 'హోమ్ విజిట్'కి విడిగా 2,500 రూపాయలు కట్టాను. జనవరి 21న మీ ప్రతినిధి వచ్చి టేపుతో హాలు కొలిచాడు, కాఫీ తాగాడు, ప్రశ్నలు అడిగాడు. ఆ సాయంత్రం వాట్సాప్‌లో నేను పంపిన జవాబు ఇది: "హాల్లో ఏసీ లేదు. పడమటి గోడకి పెద్ద కిటికీ ఉంది. మే నెలలో మధ్యాహ్నం గదిలో 37, 38 డిగ్రీలు ఉంటుంది. రెండో అంతస్తు." దానికి ఆయన, "నో ప్రాబ్లమ్ సార్, చిల్లర్ ఇస్తున్నాం కదా" అని పెట్టాడు. రెండు రోజులకి 11 ఐటెమ్‌లతో 2,38,500 రూపాయల కొటేషన్ వచ్చింది. అందులో నేను ఒక్క అక్షరం మార్చలేదు. నేను ఎంచుకున్నది ఏదైనా ఉంటే అది స్టాండ్ రంగు. వాల్‌నట్ అన్నాను.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న ఆ ట్యాంకు గాజు పని బాగుంది. 12 మిల్లీమీటర్ల గాజు, సిలికాన్ అతుకులు నీటుగా ఉన్నాయి. లైటు మీద కూడా నాకు ఫిర్యాదు లేదు. వాటి జోలికి వెళ్లను.

ఇక చిల్లర్. ట్యాంకులో 450 లీటర్లు, సంప్‌లో 60 లీటర్లు, మొత్తం 500 పైచిలుకు. మీరు పంపింది పదో వంతు హెచ్‌పీ చిల్లర్. దాని డబ్బా మీదే '200 లీటర్ల వరకు' అని అచ్చు వేసి ఉంది. ఆ అచ్చు చదవడానికి అక్వేరియం శాస్త్రం అక్కర్లేదు, అయినా బిగించే రోజు నేనూ చదవలేదు, ఒప్పుకుంటున్నాను. చదవాల్సిన మనిషికి నేను ఫీజు కట్టాను. పైగా ఆ 200 లీటర్లయినా మామూలు గదిని దృష్టిలో పెట్టుకుని రాసేవి. 37 డిగ్రీల హాల్లో 500 లీటర్ల నీళ్లని 26 దగ్గర నిలబెట్టాలంటే అది 11 డిగ్రీల తేడా. దానికి తోడు పంపులు, లైటు కూడా నీళ్లకి వేడిని కలుపుతూనే ఉంటాయి.

ఇది చాలదన్నట్టు మీ బిగింపు కుర్రాళ్లు చిల్లర్‌ని స్టాండ్ లోపల, తలుపుల వెనక పెట్టి వెళ్లారు. చిల్లర్ అంటే ఏమిటి? నీళ్లలో వేడిని తీసి గాలిలోకి వదిలే యంత్రం. ఆ గాలి బయటికి పోయే దారి లేకపోతే తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆ అరలో థర్మామీటరు పెట్టి చూస్తే 44 చూపించింది. బయట రోడ్డు మీద కూడా ఇంచుమించు అంతే ఉంది ఆ రోజు. వెంటనే తలుపులు ఊడదీసి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను. దాంతో ఒక డిగ్రీ దిగింది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన వైపు ఊరికే అనరు. మే 25 నుంచి నీళ్లు 30కి దిగలేదు. రెండు లీటర్ల సీసాలు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి సంప్‌లో వదిలాను. 500 లీటర్ల నీళ్లకి ఒక్కో సీసాతో అర డిగ్రీ కూడా దిగదని అప్పుడు అర్థమైంది. ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్లకి చోటు లేక మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. ట్యాంకు పైన ఫ్యాన్లు పెడితే నీళ్లు ఆవిరై కొంత చల్లబడేవి, కానీ ఆవిరయ్యేది ఉత్త నీరే, ఉప్పు కాదు. రోజుకి ఏడెనిమిది లీటర్లు పోయేవి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మంచినీళ్లు కలపకపోతే ఉప్పుశాతం పెరుగుతుంది. ఆటో టాప్ ఆఫ్ అనే పరికరం ఈ పని చేస్తుందట. మీ 11 ఐటెమ్‌లలో అది లేదు.

27వ తేదీ సాయంత్రం 5 గంటలకి 31.8 డిగ్రీలు. లెదర్ కోరల్స్ అనే మెత్తటి పగడాలు రెండూ ముడుచుకుని మైనం ముద్దల్లా అయ్యాయి. మష్రూమ్ కోరల్స్ తెల్లబడ్డాయి. పగడం ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. దాని రంగూ, తిండిలో చాలా భాగమూ ఆ నాచు పెట్టిన భిక్షే. వేడి తట్టుకోలేనప్పుడు పగడం ఆ నాచుని బయటికి నెట్టేస్తుంది, తెల్లబడటం అంటే అదే. ఇది నేను ఆ వారంలోనే తెలుసుకున్నాను. మీకు ముందే తెలిసి ఉండాలి.

నిజాంపట్నం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావమరిది 28న వచ్చాడు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుందని రొయ్యల రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున ఏరేటర్ ఆగితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. వస్తూ వస్తూ ఉప్పుశాతం కొలిచే రిఫ్రాక్టోమీటరు తెచ్చాడు. మీరు ఇచ్చిన ప్లాస్టిక్ హైడ్రోమీటరు 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 వంతుల ఉప్పు) చూపిస్తుంటే అది 39 చూపించింది. నమ్మక ఇంకో చుక్క వేసి చూశాడు. అదే 39. "బావా, చెరువైతే ఈ పాటికి అన్నీ తేలిపోయేయి" అన్నాడు. చచ్చిపోయిన క్లీనర్ రొయ్య ఖరీదు 1,800 అని చెప్తే మాత్రం నేనేదో హాస్యం ఆడుతున్నాననుకున్నాడు. క్లౌన్ చేపల జంట ఒక్కటే బతికింది. అవి మొండిఘటాలు.

ఇప్పుడు సంప్ సంగతి. ఇది మార్చి నాటిది, అప్పుడే ఫోన్‌లో చెప్పాను, మీ రికార్డులో లేదంటున్నారు. మార్చి 9 రాత్రి కరెంటు పోయింది. పొద్దున లేచేసరికి హాలంతా ఉప్పునీళ్లు. లెక్క చాలా తేలిక. సంప్ నుంచి ట్యాంకులోకి నీళ్లు పంపే రిటర్న్ పైపు మూతి ట్యాంకు నీటిమట్టానికి 3 అంగుళాల కింద ఉంది. పంపు ఆగగానే ఆ పైపు గుండా నీళ్లు సైఫన్‌లాగా వెనక్కి వస్తాయి, మూతి బయటపడే దాకా వస్తూనే ఉంటాయి. 4 అడుగులు, 2 అడుగులు, 3 అంగుళాలు. 57 లీటర్లు. మీ సంప్ మొత్తం 90 లీటర్లు, అందులో అప్పటికే 60 ఉన్నాయి. మిగతా 27 లీటర్లు ఎక్కడికి పోవాలి? దివాన్ కిందకి పోయాయి.

మీ టెక్నీషియన్ వచ్చి, "ఇన్వర్టర్ పెట్టించుకోండి సార్" అన్నాడు. ఇన్వర్టర్ కూడా ఏదో ఒక రోజు ఆగుతుంది కదా. చివరికి బావమరిది చెప్తే నేనే పైపుకి నీటిమట్టం కిందనే ఒక సన్నని బెజ్జం వేసుకున్నాను. మట్టం బెజ్జం దాకా దిగగానే గాలి లాక్కుని సైఫన్ తెగిపోతుంది. ఖర్చు సున్నా. అప్పటి నుంచి మెయిన్ స్విచ్ ఆపి నాలుగుసార్లు పరీక్షించాను, చుక్క పొర్లలేదు. బిగించిన రోజే మీ వాళ్లు ఒక్కసారి ప్లగ్ పీకి చూసి ఉంటే సరిపోయేది.

ఆ నీళ్లతోనే స్టాండ్ గుట్టు బయటపడింది. కొటేషన్‌లో ఏడో ఐటెమ్ చూడండి: 'మెరైన్ ప్లై, 18 ఎంఎం', అంటే నీళ్లకి తట్టుకునే ప్లైవుడ్. నీళ్లు తగిలిన కింది అంచు రెండు వారాల్లో బిస్కెట్టులా ఉబ్బి, లామినేట్ లేచిపోయింది. లోపల ఉన్నది చెక్కపొట్టు అదిమి చేసే పార్టికల్ బోర్డు. గోరుతో గీకితే పొట్టు రాలుతోంది, ఫొటోలు జత చేశాను. దాని మీద ఎంత బరువు ఉందో మీకు తెలుసు కదా? ఉప్పునీళ్లు 460 కిలోలు, గాజు 90, రాళ్లు 40. సంప్, స్టాండ్ బరువు కూడా కలుపుకుంటే నేల మీద పడేది 700 కిలోలు. ఇళ్లలో గదుల శ్లాబుకి మామూలుగా లెక్కేసే భారం చదరపు మీటరుకి 200 కిలోలని మా అపార్టుమెంటులో ఉండే ఇంజనీరు గారు చెప్పారు. ట్యాంకు నిలబడ్డ చోటు ముప్పావు చదరపు మీటరు కూడా లేదు. అదృష్టం, అది గోడ వారగా, బీమ్ మీదే ఉంది. ఆ అదృష్టంలో మీ ప్రతినిధి పాత్ర లేదు. ఆయన హాలు మధ్యలో పార్టిషన్‌లా పెడదామన్నాడు, టీవీకి అడ్డమని మా అమ్మ ఒప్పుకోలేదు.

చిన్నవి కూడా కొన్ని ఉన్నాయి. 500 లీటర్లకి లీటరుకి 36 గ్రాముల లెక్కన 18 కిలోల ఉప్పు కావాలి. మీరు పంపింది 10 కిలోల బకెట్ ఒకటి. నీళ్లలో కరిగిన లవణాలు తీసేసే ఆర్ఓ డీఐ ఫిల్టర్ ఇవ్వకుండా, 20 లీటర్ల మినరల్ వాటర్ టిన్నులు పోయమన్నారు. 26 టిన్నులు చెప్తే వాటర్ ప్లాంటు కుర్రాడు "ఇంట్లో ఫంక్షనా అండీ" అని అడిగాడు. ఆ నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 70 ఉంది. రీఫ్‌కి పోయాల్సింది సున్నాకి దగ్గరగా ఉండాలి. నెలన్నరపాటు గాజు మీద గోధుమరంగు నాచు గోకాను. 'మూడో రోజే చేపలు వేసేయొచ్చు' అన్న సలహా మాత్రం నేను పాటించలేదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు నాలుగో రోజు పంపిన చేపల బాక్సుని వెనక్కి పంపినందుకు 600 రూపాయలు రవాణా ఖర్చు వేశారు, అది కూడా వాపసు ఇవ్వాలి.

ఇంకొకటి. 'ఆరు నెలలయ్యాక స్టాగ్‌హార్న్ ముక్కలు ఫ్రీగా పంపిస్తాం' అని మీ ప్రతినిధి రాసిన మెసేజ్ నా దగ్గర ఉంది. స్టాగ్‌హార్న్ అంటే ఒక రాతి పగడం. నేను వద్దన్నాను. రీఫ్ కట్టే రాతి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. దీన్ని నేను బేరానికి వాడుకోవడం లేదు, మీ సిబ్బందికి చెప్పుకోండి.

నేను అడుగుతున్నది ఇది. చిల్లర్‌ని మార్చండి. ఎంత హెచ్‌పీ కావాలో నేను చెప్పను, మళ్లీ 'కస్టమరే ఎంచుకున్నారు' అంటారు. 38 డిగ్రీల గదికి, 510 లీటర్లకి లెక్కగట్టి మీ ఇంజనీరు సంతకంతో కాగితం ఇవ్వండి, ఆ కాగితంలో ఉన్నది పంపండి. ధరలో తేడా ఉంటే దాన్ని నేను కడతాను, ఎందుకంటే సరైనది మొదటే చెప్పి ఉంటే అప్పుడూ కట్టేవాణ్ణి. స్టాండ్ మాత్రం పైసా తేడా లేకుండా, కొటేషన్‌లో రాసిన మెరైన్ ప్లైతోనే ఇవ్వాలి. ట్యాంకు ఖాళీ చేసి, మార్చి, మళ్లీ నింపే పని, కొత్త ఉప్పు మీదే. సంప్ పెద్దది పెట్టాలి. చనిపోయిన సాఫ్ట్ కోరల్స్, రొయ్య బిల్లులు కలిపి 18,400, విజిట్ ఫీజు 2,500, పైన చెప్పిన 600. మొత్తం 21,500 రూపాయలు నా ఖాతాకి పంపాలి.

ఆర్డరు మీ వెబ్‌సైట్‌లోనే చెల్లించాను కాబట్టి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు మీకు వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. నేను మొదట రాసింది మే 28న. మీకు మూడు రోజులు పట్టింది, సరే, దాన్ని వదిలేస్తాను. జూన్ 28కి నెల అవుతుంది. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఇక్కడే గుంటూరులో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం కొన్నవాడు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. మీరు హైదరాబాద్ నుంచి రావాల్సి ఉంటుంది.

కొటేషన్, వాట్సాప్ మెసేజ్‌లు, బిల్లులు, స్టాండ్ ఫొటోలు, మే నెల రోజువారీ ఉష్ణోగ్రతలు రాసుకున్న పేజీలు జత చేశాను. మీ ఇంజనీరుని పొద్దున్నే చల్లటి పూట పంపకండి. మధ్యాహ్నం 2, 4 గంటల మధ్య రమ్మనండి. నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్,
బ్రాడీపేట, గుంటూరు