చాయ్ గ్లాసు లొల్లి

మామా,

ముందుగల్ల కడుపునిండ తిట్టుకో, అయినంక చదువు. నీ ఉత్తరం దసరాకు అచ్చింది, నేను జాతర గూడ దాటినంక జవాబు రాస్తున్న. ఫోన్ చేసి చెప్పొచ్చు గని ఇది ఫోన్ల చెప్పే ముచ్చట కాదు, క్వార్టర్ల పక్కింటోళ్ళ టీవీ నాకు ఎంత ఇనవడ్తదో నా మాట వాళ్ళకు గంతే ఇనవడ్తది. అందుకే పిల్లలు పండుకున్నంక కూసున్న.

ఇంటికాడ అంత మంచిదే. అమ్మ మోకాలు అట్లనే ఉన్నది, చిన్నదానికి జ్వరమచ్చి తగ్గింది, మేడారంల నీ పేరు మీద గూడ బెల్లం ఇచ్చినం, నీ బరువు తెల్వక అంచనా మీద తూకమేయించిన, తక్కువైతే అమ్మవార్లతోని నువ్వే మాట్లాడుకో. ఇంటి ముచ్చట ఖతం.

ఇగ అసలు సంగతి. మా క్యాంటీన్ కాంట్రాక్టు మారింది. 250 మంది దాటితే ఫ్యాక్టరీల క్యాంటీన్ ఉండాలె, 500 మంది ఉంటె నాసొంటి వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలె, గిది పాత 1948 ఫ్యాక్టరీల చట్టంల రాసిపెట్టి ఉండె, గట్లనే మేమిద్దరం పుట్టినం, క్యాంటీన్, నేను. లొల్లయితే గూడ ఇద్దరికీ ఒక్కసారే అయితది. కొత్త కాంట్రాక్టర్ అచ్చుడు అచ్చుడే స్టీలు గ్లాసులు తీసేసి పేపర్ కప్పులు పెట్టిండు. కడుగుడు బాధ లేదు, శుభ్రం అన్నడు. నాకు గూడ మంచిగనే అనిపించింది, అబద్ధమెందుకు.

మంగళవారం, బీ షిఫ్టు, సాయంత్రం నాలుగు. నా టేబుల్ మీద అద్దం ఉంటది గద, మెషీన్లు నడుస్తున్నంత సేపు అది సన్నగ వణుకుతనే ఉంటది, పదకొండేండ్ల నుంచి అలవాటైపోయి నాకు తెలువనే తెలువది. అది ఆగింది. ఫోన్ రాకముందే లేచి నిలవడ్డ. ఉరుక్కుంట పోయి చూస్తె చాయ్ ట్రాలీ నడుమల ఉన్నది, చుట్టూ మనుషులు, ఒక్కడు గూడ కప్పు ముట్టలే. చాయ్ మీద మీగడ కట్టింది. ఎవ్వలు అరుస్తలేరు మామా, అరిస్తే నాకు ధైర్యముండు.

ఒక్క కప్పుకేనా అంటవ్. కాదు. కార్మికుల తరఫున మాట్లాడేది ఏ యూనియనో తేల్చే గుర్తింపు ఎన్నికలు దగ్గరికచ్చినయ్, చిన్న యూనియనోళ్ళు "పెద్ద యూనియన్ నిద్రపోతున్నది, మీ చాయ్ గూడ తాగిన్రు" అని గేట్ మీటింగుల మైకు పట్టుకున్నరు. 2023 డిసెంబర్ల సింగరేణి ఎన్నికలప్పుడు మీ మామ ఇంటికాడ, గోదావరిఖనిల, చూసినం గద ఆ వేడి, మాది అండ్ల చిటికెడు, గని కాలుడు గట్లనే కాలుతది. పెద్ద యూనియన్ సెక్రటరీ మన ఫిట్టర్ పెద్దన్న, నీకు చెప్పిన గద, నిన్ను ఒక్కసారి చూసి "ఈ పిలగాడు అన్నం తింటడా" అన్నాయన. వాళ్ళ నాయిన ఆజంజాహి మిల్లుల చేసిండు. 1934ల పెట్టిన మిల్లు 2002ల మూతపడంగ కండ్ల జూసినోడు గాబట్టి సమ్మె అనే మాట తొందరగ నోట్లెకెళ్ళి రానియ్యడు. గసొంటోడు గూడ ఆ రోజు ట్రాలీ కాడ చేతులు కట్టుకొని నిలవడ్డడు.

మా జీఎం సంగతి ఇను. "నోటీసు లేకుండ పది మంది కలిసి పని ఆపితే ఎనిమిది రోజుల జీతం దాకా కోయొచ్చు, కోసెయ్" అన్నడు. చట్టంల ఆ మాట ఉన్నదే, ఆయన చదివిండు, చదవకుంటె మంచిగుండు. నేను మెల్లగ చెప్పిన: సార్, వాళ్ళు 14 రోజుల ముందు సమ్మె నోటీసియ్యలే నిజమే, గని మనం 21 రోజుల నోటీసిచ్చినమా? అలవాటుగ అస్తున్న సౌలతు తీసేయాల్నన్నా, వాడుక మార్చాల్నన్నా ముందు నోటీసు గావాలె, పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టంల 9ఏ సెక్షన్, నాలుగో షెడ్యూల్ ఎనిమిదో నంబర్. కొత్త లేబర్ కోడ్‌ల గూడ ఆ నోటీసు తీసెయ్యలే. (ఎనిమిదో నంబర్ కాడ నువ్వు పరీక్షల "ఇతరములు" అని రాసినవ్ చూడు, జీఎంకు చెప్పుకుంటనే నాకు నవ్వచ్చింది, ఆయన నారాజయిండు.) "చాయ్ గ్లాసుకు నోటీసా" అన్నడు. అవు సార్, చాయ్ గ్లాసుకే.

సరే, పిలిచినం. ఆరుగురు అచ్చిన్రు. పెద్దన్న సంచిల నుంచి పాత స్టీలు గ్లాసు తీసి టేబుల్ మీద పెట్టిండు, అంచుకు సొట్ట, కింద ఫ్యాక్టరీ అక్షరాలు చుక్కలు చుక్కలుగ కొట్టి ఉన్నయ్. ఇంకో పిలగాడు ల్యాబ్ నుంచి కొలిచే జార్ పట్టుకొచ్చిండు. గ్లాసు నిండ నీళ్ళు పోసి జార్ల పోసిన్రు: 140 మిల్లీలీటర్లు. కప్పు నింపి పోసిన్రు: 65. ఎవ్వలు మాట్లాడలే. ఆఖరికి జీఎం "ఇంకో కప్పు తాగుండ్రి, ఎవ్వలొద్దన్నరు" అన్నడు. పెద్దన్న "టోకెనుకు ఒక్క కప్పే ఇస్తున్నరు సారు, రెండో కప్పుకు ఇంకో డ్యూటీ చెయ్యాల్నా?" అన్నడు. నవ్వు ఆపుకోలేక నేను కిటికీ దిక్కు తిరిగిన.

ఇగ అప్పుడు చిన్న యూనియన్ పిలగాడు లేచి "ఈ కప్పుకు ఒప్పుకున్నదెవ్వలు, పేరు చెప్పుండ్రి" అన్నడు. జీఎం "కాంట్రాక్టర్ సొంతంగ చేసిండు, మాకు తెల్వదు" అన్నడు.

మామా, నేనే. క్యాంటీన్ కాంట్రాక్టుకు మా ఆఫీసు రాసిన నోట్ మూడో పేజీల "65 మిల్లీలీటర్ల కప్పు" అని ఉన్నది, దాని కింద నా పొట్టి సంతకం. చిన్నదానికి జ్వరమున్న రోజు, దవాఖానకు పోయే తొందర, పేజీలు తిప్పి గీకి పడేసిన. ఆ రూంల కూసున్నంక యాదికచ్చింది. చెవులు కాలినయ్. చెప్పాలె గద? నోరు తెరిచిన, నీళ్ళు తాగిన, మూసిన.

పెద్దన్న నన్ను చూసిండు. జేబుల చెయ్యి పెట్టిండు. మడిచిన కాయిదం కొన నాకు కనవడ్డది, మా ఆఫీసు పచ్చ కాయిదం, నాకు తెల్వదా. కండ్లద్దాలు తీసి పెట్టుకున్నడు. కాయిదం తియ్యలే. "ఎవ్వలు చేసిన్రో మాకొద్దు, మాకు గ్లాసు గావాలె" అని మాట తెంపేసిండు.

గురువారం నుంచి గ్లాసులు వాపస్. ఆగిన గంటన్నరకు కోత లేదు, బదులు ఒక ఆదివారం మెయింటెనెన్సుల గంటన్నర పని. మినిట్స్ రాసి రెండు దిక్కుల సంతకాలు. ఈసారి నేను ప్రతి పేజీ రెండుసార్లు చదివిన, జీఎం "ఏందయ్యా ఇంతసేపు" అనేదాక.

రాత్రి పది దాటినంక స్కూటర్ స్టాండ్ కాడ పెద్దన్న నిలవడి ఉన్నడు. ఆ పచ్చ కాయిదం నా చేతుల పెట్టిండు. "ఉంచుకో సారు, నా దగ్గరుంటె ఎవ్వలన్న గుంజుకుంటరు." గంతే. నేనేమన్నననుకున్నవ్? థ్యాంక్స్ అనలే, తప్పయిందనలే. "తిన్నవా పెద్దన్నా" అన్న. ఆయన "ఇంటికి పోయి తింట" అని బండి స్టార్ట్ చేసిండు. ఆ బుద్ధితక్కువ మాట యాదికచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ పండ్లు గుంజుతున్నయ్.

అప్పటి నుంచి నిద్ర పడ్తలేదు. అది మంచితనమా, గాలమా? వచ్చే నెల వేజ్ అగ్రిమెంట్ డిమాండ్లు అస్తయి, అవతల దిక్కు కూసునేది ఈ పెద్దన్ననే. నేను గట్టిగ మాట్లాడితే ఆయన ఏమనడు, నాకు తెలుసు, ఏమనకపోవుడే నాకు భయం. ఇంకోటి, నా చేతికిచ్చింది అసలు కాయిదమే, ఫైల్ల ఉండాల్సింది. అంటే మా ఆఫీసుల నుంచి ఎవ్వడో తీసిచ్చిండు. ఎవ్వడు? మా క్లర్కు నిన్న నాకు చాయ్ తెచ్చిచ్చి అవసరానికంటె ఎక్కువ నవ్విండు. లేకుంటె నాకే గట్ల కనవడ్తున్నదా.

ఇంట్ల మా ఆమె అంటది సప్పుడు చెయ్యకు, అయిపోయింది గద అని. నేనేమో పొద్దున పోయి జీఎంకు ఈ కాయిదం ఇచ్చి "నాదే తప్పు" అందామనుకుంట, స్కూటర్ మీదికెల్లి దిగేసరికి ఇంకో పని పడ్తది. చెప్తే ఆ కాయిదం ఎట్లచ్చిందంటడు, అప్పుడు పెద్దన్న పేరు... అదొక్కటే నోట్లెకెళ్ళి రాదు. నువ్వు మెస్‌ల ధర్నా చేసినప్పుడు వార్డెన్ దగ్గర ఆ గిన్నె ముచ్చట ఎట్ల దాచినవో ఇప్పుడు నిజం చెప్పు. నవ్వులాటకు కాదు, నాకు పనికొస్తది, ఎందుకంటె ఆ రోజు నువ్వు గూడ

ఆగు, గేటు నుంచి ఫోన్. వాపసచ్చిన గ్లాసులు అరవై తక్కువున్నయట, సీ షిఫ్టుల చిన్న యూనియనోళ్ళు ట్రాలీ కాడ నిలవడ్డరట. పోతున్న మామా. జవాబు రాయి, ఫోన్ చెయ్యకు.