మా గుట్టను దీవిని చేయకండి: అటవీ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ అధికారి గారికి నమస్కారాలు.

మాది వరంగల్ దాటి ములుగు వైపు వెళ్లే దారిలో ఒక చిన్న ఊరు. మా గుట్టను వెనకున్న పెద్ద అడవితో కలిపే చెట్ల వరసను జేసీబీలతో చదును చేస్తున్నారని మూడుసార్లు దరఖాస్తు ఇచ్చాం. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

గుట్ట మీద చెట్టు కొట్టడం లేదు కదా అని సిబ్బంది అన్నారు. నిజమే. కానీ జంతువులు అడవికీ గుట్టకూ తిరిగే ఆ చెట్ల దారి తెగితే గుట్ట ఒంటరి దీవిలా అవుతుంది. దీవి చిన్నదైతే ఒక్కో జాతిలో జీవులు కొద్దిగానే ఉంటాయి, ఒక కరువుకో జబ్బుకో తుడిచిపెట్టుకుపోతాయి. దూరమైతే వాటి స్థానంలోకి కొత్తవి రావు. 1960లలోనే మెకార్థర్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన మాట ఇది. పనామా కాలువ కోసం 1914 నాటికి నదిని నిలిపితే బారో కొలరాడో అనే కొండ దీవిగా మారింది. తర్వాత దాన్ని కంటికి రెప్పలా కాపాడినా ఎన్నో పక్షి జాతులు అక్కడ కనుమరుగయ్యాయి.

మొన్న పొద్దున ఆ చదును చేసిన మట్టిలో ఏదుపంది ముల్లొకటి దొరికింది. పక్కనే వెనక్కి మళ్లిన అడుగులు.

మొర్రి గింజలను దూరం మోసేది పక్షులు, జంతువులే. అవి రావడం ఆగితే మా మొర్రికీ దెబ్బే. మా అమ్మ మొర్రిపండ్లు ఏరి, మోదుగాకు దొప్పల్లో అమ్మి నా ఫీజు కట్టింది. ఇప్పటికీ ఎండాకాలమంతా ఆ తట్ట మీదే బతికే ఇళ్లు మా వాడలో ఉన్నాయి.

అయ్యా, వెంటనే పనులు ఆపించండి. గ్రామసభ ముందు సర్వే చేయించండి. తెగిన చోట ఈ వానాకాలంలోనే మొర్రి, తునికి, ఇప్ప మొక్కలు నాటించండి. రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.

ఇట్లు,
గుట్ట కింది ఊరి నివాసి