వార్షిక నివేదిక 2025: హైస్కూల్ పూర్తి చేసిన మన పిల్లలకు అభినందన

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు ఎప్పట్లాగే బాగా జరిగాయి. వాటి వివరాలు, జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు జూన్‌లో జరిపిన అభినందన సభకే ఇస్తున్నాం. ఈ ఏడాది కార్యవర్గం అన్నిటికంటే మనసు పెట్టి చేసిన పని అదే.

టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మే నెల వచ్చిందంటే ఇంటి ముందు గడ్డిలో గ్రాడ్యుయేట్ల బోర్డులు వెలుస్తాయి. స్కూలువాళ్లు స్టేడియంలో ఘనంగానే చేస్తారు. కానీ వందల మంది పిల్లలు వరుసగా వేదిక దాటాలి, ఒక్కొక్కరికి దక్కేది కొద్ది క్షణాలే. మన పొడుగాటి ఇంటిపేర్లు చదివేవాళ్ల నోట్లో సగంలోనే ఆగిపోతుంటాయి. అందుకే మన సభలో ప్రతి పేరూ ఎలా పలకాలో ముందే ఇంట్లోవాళ్లని అడిగి రాసుకుని, ఇంటిపేరుతో సహా పూర్తిగా చదివాం. అమ్మానాన్నల్నీ, ఊరి నుంచి వచ్చిన తాతయ్యల్నీ నాయనమ్మల్నీ కూడా వేదిక మీదకు పిలిచాం. ఒక అమ్మమ్మగారు టోపీ కుచ్చు ఎటు నుంచి ఎటు జరపాలో మనవరాలిని అడిగి, కుడి నుంచి ఎడమకు జాగ్రత్తగా జరిపి, ఆ టోపీ మీదే అక్షింతలు వేశారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

వేదిక మీద ఎవరి జీపీఏ (గ్రేడ్ల సగటు) గానీ, ర్యాంకు గానీ, చేరబోయే కాలేజీ పేరు గానీ చదవలేదు. ఎందుకని కొందరు సభ్యులు అడిగారు, కారణం చెప్పాలి. టెక్సస్‌లో 1997 చట్టం ప్రకారం క్లాసులో మొదటి పది శాతంలో ఉన్నవాళ్లకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి (యూటీకి) మాత్రం మినహాయింపు ఉంది. 2025లో చేరినవాళ్లకు అక్కడ అది ఆరు శాతం, 2026లో చేరేవాళ్లకు ఐదే శాతం. ఆ గీత లోపల ఉన్నా కోరుకున్న మేజర్ (ప్రధాన సబ్జెక్టు) వస్తుందన్న హామీ లేదు. మన పిల్లలు ఎక్కువగా ఉన్న స్కూళ్లలో చిన్న తేడాతో గీత బయట పడేవాళ్లు ఎందరో. తొమ్మిదో తరగతి నుంచే ఇంట్లో ఈ టెన్షన్ మొదలవుతుంది. నాలుగేళ్లు దాన్ని మోసిన పిల్లల్ని కనీసం ఆ ఒక్క సాయంత్రమైనా పోల్చకుండా మెచ్చుకోవాలనుకున్నాం. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ అయిన కాలిన్ కాలేజీలో రెండేళ్లు చదివి తర్వాత యూనివర్సిటీకి మారదామనుకున్న పిల్లలు కూడా మిగతావాళ్లలాగే నవ్వుతూ వేదికెక్కారు. అది మంచి దారి, ఖర్చు బాగా కలిసొచ్చే దారి. బంధువుల ముందు దాని గురించి గొంతు తగ్గించి చెప్పాల్సిన పని లేదు.

హెచ్-4 మీద, అంటే అమ్మ లేదా నాన్న ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే వీసా మీద ఉన్న పిల్లల గురించి ప్రత్యేకంగా రాయాలి. నడక నేర్చిన వయసులో వచ్చి, ఇక్కడే చదువుకున్నవాళ్లు వీళ్లు. వీళ్లకు ఫెడరల్ ఆర్థిక సాయం రాదు, వేసవిలో స్నేహితుల్లా ఉద్యోగం చేయడానికి వీల్లేదు, వయసు 21 నిండితే ఆ హోదానే పోతుంది. వీళ్ల తల్లిదండ్రుల కోసం ఇమిగ్రేషన్ లాయరుతో ఒక సమావేశం పెట్టాం. 21 దాటకముందే విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కి మారే పని మొదలుపెట్టాలని, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) పెండింగులో ఉన్న కాలాన్ని వయసులోంచి తీసేసే 2002 నాటి చట్టం ఎవరికి పనికొస్తుందో చూసుకోవాలని ఆయన వివరించారు. ప్రశ్నలు ఎంతకీ తెగలేదు. వచ్చే ఏడాది దీన్ని రెండుసార్లు పెడతాం.

పిల్లలూ, మీరు కోవిడ్ రోజుల్లో స్క్రీన్ ముందు కూర్చుని మిడిల్ స్కూల్ చదివినవాళ్లు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాస్తూనే ఆదివారం మన తెలుగు బడిలో చిన్నవాళ్లకు గుణింతాలు దిద్దించారు. మిమ్మల్ని చూస్తే మాకెంతో గర్వంగా ఉంది. కాలేజీలో మొదటి సెమిస్టర్ కష్టంగా అనిపిస్తే ఇంటికి ఫోన్ చేయండి, మేజర్ మార్చుకోవాలనిపిస్తే మొహమాటపడకండి. ఇంట్లో చెప్పలేకపోతే మాలో ఎవరికైనా చెప్పండి. అన్నయ్యలు, అక్కలు చాలామంది ఆ దారిలో నడిచినవాళ్లే.

చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసుకునే కామన్ అప్లికేషన్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. కాబట్టి వచ్చే ఏడాది దరఖాస్తు ఎస్సేలు రాయడం నేర్పే శిబిరాన్ని జూలైలోనే మొదలుపెడుతున్నాం. క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చే కాలేజీ పిల్లలు ఒక పూట జూనియర్లతో కూర్చుంటామని మాటిచ్చారు. ఎస్సేలు చదివి సలహా ఇవ్వగల సభ్యులు ఇంకా కావాలి, దయచేసి మీ పేరు కార్యదర్శికి ఇవ్వండి.