రిలీవింగ్ లెటర్ ఇవ్వకపోవడం, వెరిఫికేషన్‌లో తప్పు సమాధానం: సవరించాలని ఫిర్యాదు

హెచ్ఆర్ విభాగాధిపతి గారికి,

నమస్కారం. నేను 2025 మార్చి 3న రాజీనామా మెయిల్ పెట్టాను. అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం 90 రోజుల నోటీసు మే 31తో ముగుస్తుంది. అందులో 59 రోజులు పనిచేసి, ఏప్రిల్ 30న ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అప్పగించాను. ఐటీ, అడ్మిన్, ఫైనాన్స్ ఇచ్చిన నో డ్యూస్ (బకాయిలేమీ లేవన్న ధ్రువీకరణ) మీ పోర్టల్‌లోనే ఉంది. మిగిలిన 31 రోజులకు మూలవేతనం రోజుకు రూ.1,200 చొప్పున రూ.37,200 ఫుల్ అండ్ ఫైనల్ (చివరి లెక్కల సెటిల్‌మెంట్)లో మీరే కోసుకున్నారు.

అయినా విధుల నుంచి విముక్తి ఇచ్చినట్టు తెలిపే రిలీవింగ్ లెటర్ రాలేదు. పైగా నా కొత్త కంపెనీ తరఫున పాత ఉద్యోగ వివరాలు అడిగిన వెరిఫికేషన్ ఏజెన్సీకి మీ కార్యాలయం 'ఆబ్‌స్కాండింగ్, ఎగ్జిట్ ఫార్మాలిటీస్ పెండింగ్' అని జవాబిచ్చింది. దాంతో వాళ్ల రిపోర్టు రెడ్‌లో, అంటే అభ్యంతరం ఉన్నవాటిలో పడింది.

చెప్పాపెట్టకుండా మానేసి, ఉత్తరాలు పంపినా పలకనివాళ్లను ఆబ్‌స్కాండింగ్ అంటారు. రాజీనామా ఇచ్చి, హ్యాండోవర్ చేసి, నోటీసు సొమ్ము కట్టినవాళ్లకు ఆ మాట వర్తించదు. నోటీసుకు బదులు డబ్బు తీసుకున్నారంటే ఆ రోజుల లెక్క తీరినట్టే. డబ్బూ తీసుకుని, నోటీసు ఎగ్గొట్టారనీ రాయడం కుదరదు.

అప్రైజల్ రేటింగ్ మీద మేనేజర్ గారికీ నాకూ మాట పట్టింపు వచ్చిన సంగతి నిజమే. అందుకే ప్రశంసాపత్రం అడగడం లేదు. 'మళ్లీ తీసుకుంటారా' అన్న గడిలో 'తీసుకోం' అని రాసినా నాకు అభ్యంతరం లేదు, అది మీ అభిప్రాయం. చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హోదా, రాజీనామా ఇచ్చిన సంగతి మాత్రం అభిప్రాయాలు కావు, రికార్డులు. 1946 స్టాండింగ్ ఆర్డర్స్ (ఉద్యోగ షరతుల) చట్టం కింద వచ్చిన కేంద్ర నమూనా నిబంధనలు డిస్మిస్ అయిన పర్మనెంట్ కార్మికుడికి కూడా సర్వీస్ సర్టిఫికెట్ ఇవ్వాలన్నాయి. తనంతట తాను రాజీనామా చేసిన మనిషికి ఆపడం ఏం న్యాయం?

పీఎఫ్‌లో ఇంకో పొరపాటు జరిగింది. ఎగ్జిట్ తేదీని ఏప్రిల్ 30కి బదులు మే 31 అని నమోదు చేశారు. మే నెలకు ఒక్క రూపాయి జమ లేదు. కొత్త కంపెనీలో నేను చేరింది మే 5న. యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) సర్వీస్ హిస్టరీ చూసేవాళ్లకు 27 రోజులు రెండుచోట్ల ఉద్యోగం చేసినట్టు కనిపిస్తోంది. ఏజెన్సీలు మొదట చూసేది ఈ అతివ్యాప్తినే.

సెటిల్‌మెంట్ షీటులో నోటీసు సొమ్ము మీద 18 శాతం జీఎస్టీ అంటూ రూ.6,696 కూడా పట్టుకున్నారు. నోటీసు సొమ్ము రికవరీకి జీఎస్టీ వర్తించదని 2022 ఆగస్టు 3 నాటి కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 178/10/2022 సర్క్యులర్ స్పష్టం చేసింది. ఆ మొత్తం జీతం ఖాతాకు తిరిగి వేయండి.

అన్నిటికంటే ముందు ఏజెన్సీకి సవరణ మెయిల్ వెళ్లాలి. వాళ్లు మీ హెచ్ఆర్ మాటనే రిపోర్టులోకి ఎక్కిస్తారు కాబట్టి, నా చేతికి లెటర్ ఇచ్చినంత మాత్రాన రెడ్ పోదు. మెయిల్ కంపెనీ డొమైన్ నుంచే, పాత కేసు నంబరు వేసి, పాత జవాబును రద్దు చేస్తున్నామని రాసి పంపండి. సొంత జీమెయిల్ నుంచి వెళితే లెక్కలోకి తీసుకోరు.

రిలీవింగ్ లెటర్ లెటర్‌హెడ్ మీద, సంతకం, తేదీలతో ఉండాలి. ఈ వాక్యం చాలు: 'వీరి రాజీనామాను ఆమోదించి, మిగిలిన నోటీసు కాలానికి సొమ్ము జమ చేసుకుని, 30-04-2025 పనివేళలు ముగిసేసరికి విధుల నుంచి విముక్తి ఇచ్చాం.' పీఎఫ్ తేదీ కోసం నేను సభ్యుల పోర్టల్‌లో జాయింట్ డిక్లరేషన్ (వివరాల సవరణ దరఖాస్తు) పెడుతున్నాను. మీ ఎంప్లాయర్ లాగిన్‌లోకి రాగానే ఆమోదించండి.

రాజీనామా మెయిల్, మీ అంగీకార మెయిల్, నో డ్యూస్ స్క్రీన్‌షాట్, సెటిల్‌మెంట్ షీటు, పీఎఫ్ పాస్‌బుక్ జతచేశాను. వివరణకు కొత్త కంపెనీ ఇచ్చిన గడువు 15 రోజులు. అందుకే 7 పనిదినాల్లో సవరణ మెయిల్ వెళ్లాలని కోరుతున్నాను, దాని కాపీ నాకూ పంపండి. అప్పటికీ జరగకపోతే పీఎఫ్ సంగతి ఈపీఎఫ్ఓ (పీఎఫ్ సంస్థ) ఫిర్యాదుల పోర్టల్‌లో, మిగతావి లాయర్ నోటీసు ద్వారా అడుగుతాను.

ఇట్లు,
మాజీ ఉద్యోగి
(ఎంప్లాయీ కోడ్ మెయిల్ సబ్జెక్టులో ఉంది)