చెప్పి పంపండి

సంపాదకులకు నమస్కారం.

స్టాఫ్ నర్సుగా రిటైరయ్యాక తెనాలి దగ్గర ఒక వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ల మందూమాకూ చూస్తున్నాను. తుంటి ఎముక విరిగి ఆపరేషనైనవాళ్లు, పక్షవాతంతో చెయ్యో కాలో పడిపోయినవాళ్లు ఈమధ్య ఆస్పత్రి నుంచి నేరుగా మా దగ్గరికే వస్తున్నారు. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటారు, ఇంట్లో చూసే దిక్కుండదు. ఆశ్రమంలో చేర్చారని ఎవర్నీ తప్పు పట్టను. ఆ మనిషికి చెప్పకుండా చేర్చడమే నాకు మింగుడుపడదు.

వేసవిలో ఒక మామ్మగారిని "ఇంటికెళ్తున్నాం" అని అంబులెన్సు ఎక్కించి తీసుకొచ్చారు. దించగానే ఆవిడ గుమ్మం వంక చూసి, "డ్రైవరు దారి తప్పాడ్రా అబ్బాయ్" అంది. కొడుకు ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ తరవాత చాన్నాళ్లు మేమిచ్చిన మాత్ర ముట్టలేదు. ఎందుకు ముడుతుంది? ఆవిడ లెక్కలో మేమూ ఆ అబద్ధంలో భాగస్తులమే. కాగితాల్లో ఆవిడకు మతిమరుపని రాశారు. చూస్తే చెవి మిషను ఇంట్లో బీరువాలో ఉండిపోయింది. తెప్పించి పెట్టాక రామకోటి ఎంతవరకు రాసిందో పేజీతో సహా చెప్పింది.

ఆపరేషన్ తరవాత కొందరు పెద్దవాళ్లు తికమకపడతారు, సాయంత్రాలు మరీను. డాక్టర్లు డెలీరియం అంటారు. చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే చూసి "ఈయనకేం తెలుస్తుందిలే" అని తేల్చేస్తారు, ఇక ఏ విషయమూ ఆయన్ని అడగరు. పొద్దున్నపూట కళ్లజోడు, చెవి మిషను పెట్టి, ఎదురుగా కూర్చుని, ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్లకు అన్నవి ఒక్కొక్కటే నిదానంగా చెప్పండి. ఏం అర్థమైందో ఆయన నోటే చెప్పించుకోండి. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లలోనూ చాలామందికి మన మాట తెలుస్తుంది. ఔనంటే కన్ను మూయమంటే మూస్తారు.

డిశ్చార్జి షీటు సంగతి మరీ అన్యాయం. ఇంగ్లీషులో ఉంటుంది, అదీ కొడుకు వాట్సాప్‌లో. 1-0-1 అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని మింగే మనిషికి ఎవరూ చెప్పరు. ఒక పెద్దాయన సంచీలో పాత బీపీ మాత్రలు ఒక కంపెనీవి, ఆస్పత్రిలో రాసినవి ఇంకో కంపెనీవి. రెండింట్లోనూ ఉన్నది ఒకే మందు, ఆమ్లోడిపిన్! రెండూ వేసుకుని, లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటే వయసు మీదపడిందన్నారు.

2007 నాటి వయోవృద్ధుల చట్టంలో ఆస్పత్రిలో ప్రత్యేక క్యూ ఉంది, పోషణ కోసం ట్రైబ్యునల్ ఉంది. ఆశ్రమానికి పంపేముందు ఆ మనిషితో మాట్లాడమన్న ముక్క లేదు. పెద్దవాళ్లు సాయం కోసం ఫోను చేసే ఎల్డర్‌లైన్ 14567 నంబరు మా హాల్లో పెద్దక్షరాలతో రాయించాను. మేనేజరుగారికి అంతగా నచ్చలేదనుకోండి.

వార్డు సిస్టర్లకు నా మనవి. షీటుతోపాటు తెలుగులో, లావు అక్షరాలతో ఒక కాగితం రాసి పెద్దవాళ్ల చేతికే ఇవ్వండి. పాత మాత్రల్లో ఏవి మానెయ్యాలో అందులో రాయండి. ముందురోజే ఆశ్రమం నర్సుకు ఫోను చేయండి, వీడియోలో మంచమూ కిటికీ చూపిస్తాం. దయచేసి శనివారం సాయంత్రం మాత్రం పంపకండి. కుట్లు ఎప్పుడు విప్పాలో అడుగుదామంటే ఆదివారం డాక్టరుగారు ఫోనెత్తరు, అబ్బాయి విమానంలో ఉంటాడు.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి