డబ్బా మీద ‘ఆఫ్ రోడ్’, వెలిగేది సుంకి ఘాట్‌లో

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను ఒడిశాలోని సిమిలిగుడలో ఇరవై రెండేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. మా నాన్నగారి కాలంలో సాలూరు నుంచి వచ్చి కొరాపుట్ జిల్లాలో స్థిరపడ్డాం. ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. ఈ ఉత్తరం జీపుల మీద అదనంగా బిగించే ఎల్ఈడీ బార్ల గురించి, అంటే వరస లైట్ల పట్టీల గురించి. నేను తప్పు పడుతున్న ఆ లైట్లలో కొన్ని నా చేతులతో బిగించినవే.

పోయిన సంక్రాంతికి సాలూరులో అత్తవారింటికి వెళ్లి తిరిగొస్తున్నాం. బయల్దేరేసరికే చీకటి పడింది. స్కూటర్ మీద నేను, మా ఆవిడ, మధ్యలో అరిసెల డబ్బా. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని సుంకి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఒక మలుపులో ఎదురుగా జీపు దిగుతోంది. పైకప్పు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎల్ఈడీ బార్, బంపర్ మీద ఇంకో నాలుగు లైట్లు. లైటు తగ్గించమని నేను డిప్పర్ కొట్టాను. అతను మంచివాడే పాపం, వెంటనే డిమ్ చేశాడు. కానీ డిమ్ అయింది హెడ్‌లైట్లే. బార్‌కి వేరే స్విచ్ ఉంటుంది కదా, దాని సంగతి అతనికి గుర్తు లేదు. “ఏమండీ, రోడ్డేదీ?” అని మా ఆవిడ అరిచిన మాట ఒక్కటే నాకు తెలుసు. ముందు చక్రం పక్క కాలువలోకి దిగిపోయింది. ఆవిడకి మోకాలు చెక్కుకుపోయింది, అరిసెలు రోడ్డు పాలయ్యాయి. అదే లోయ వైపు అయ్యుంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

ఇంటికొచ్చి పసుపు రాసుకుంటూ ఆవిడ అడిగింది: “ఆ బార్ మన షాపులో వేసిందేనా?” నేను మాట్లాడలేదు.

దేవమాలి ఒడిశాలో అన్నింటికన్నా ఎత్తైన కొండ, 1,672 మీటర్లు. అక్కడ సూర్యోదయం చూడాలని సెలవు రోజులొస్తే రాత్రికి రాత్రే విశాఖ వైపు నుంచి జీపులు వరస కడుతున్నాయి. రానీండి, మా ఊళ్లో టీ కొట్టు నుంచి నా షాపు దాకా అందరికీ నాలుగు రూపాయలు వస్తున్నాయి. ఇబ్బందల్లా ఆ లైట్లతోనే.

లైట్ల డబ్బా మీద ‘ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే’ అని, అంటే జనం తిరిగే రోడ్ల మీద వాడొద్దని, చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనేవాడు చదవడు, అమ్మేవాడు చదివి వినిపించడు. పైగా చాలామంది దేవమాలి మట్టిదారిని ఆఫ్ రోడ్ అనుకుంటారు. 1988 మోటారు వాహనాల చట్టం అలా అనుకోదు. తారు ఉన్నా లేకపోయినా, జనానికి వెళ్లే హక్కున్న ఏ దారైనా దాని లెక్కలో బహిరంగ స్థలమే. కొండ మీది ఊళ్ల వాళ్లు కూరగాయల తట్టలతో నడిచేదీ ఆ దారుల్లోనే. శుక్రవారం కుందులి సంత ఉందంటే తెల్లవారకుండానే బయల్దేరుతారు. వాళ్ల దగ్గర ఉండేది ఒక టార్చి, అదీ ఉంటే.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వది సూటిగా ఉంది. బండి ముందు భాగంలో స్పాట్‌లైట్ గానీ సెర్చ్‌లైట్ గానీ పెట్టకూడదు. ప్రత్యేక పరిస్థితి ఉంటే రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి తీసుకోవాలి. నా షాపుకొచ్చే కుర్రాళ్లు దీనికీ ఒక తెలివి చూపిస్తారు: “అన్నా, ఇది బార్, స్పాట్‌లైట్ కాదు.” సరే, అలాగే అనుకుందాం. మరి 106వ నిబంధన మాటేమిటి? ముందుకి వెలుగు కొట్టే ఏ లైటైనా, 8 మీటర్ల దూరంలో, ఆ లైటుకి కుడిపక్కన అర మీటరు జరిగి, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కళ్లని మిరుమిట్లు గొలపకుండా కిందికి వంగి ఉండాలి. లేదంటే ఎదుటివాడి కోసం డ్రైవర్ కిందికి దించగలిగేలా, లేకపోతే డిమ్ చేసే స్విచ్‌తోనే ఆరిపోయేలా ఉండాలి. బార్‌ని ఎక్కడికి దించుతారు?

ఆ కొలత నేను పెట్టి చూశాను. ఒక రాత్రి షాపు ముందు జీపు ఆపించి, 8 మీటర్లు టేపుతో కొలిచి, విద్యుత్ స్తంభం మీద మీటరున్నర దగ్గర సుద్దతో గీత గీశాను. సంతకి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడమనిషి కళ్లు దాదాపు ఆ గీత దగ్గరే ఉంటాయి. అక్కడ నిలబడి బార్ వేయమన్నాను. తర్వాత కాసేపు స్తంభమూ కనబడలేదు, గీతా కనబడలేదు. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు కళ్లు పనిచేయకపోతే 33 మీటర్లు. మా ఘాట్‌లో అంత దూరంలో ఒక మలుపు వచ్చేస్తుంది.

పొగమంచు కోసమే వేయించుకున్నాం అనేవాళ్లకి ఒక మాట. ఎత్తున పెట్టిన లైటు వెలుగు మంచు తుంపరలకి తగిలి తిరిగి డ్రైవర్ కళ్లలోకే వస్తుంది, ఎదురుగా తెల్ల గోడ కట్టినట్టు ఉంటుంది. ఫాగ్ లైట్లు బంపర్ కింద, నేలకి దగ్గరగా, వెలుగు వెడల్పుగా పరుచుకునేలా పెట్టేది అందుకే. కంపెనీ బిగించి ఇచ్చిన ఆ రెండూ చాలు.

డ్రైవర్ల బాధ అసలు లేదని అనను. ఘాట్‌లో తెల్ల గీతలు అరిగిపోయాయి. కొన్ని మలుపుల్లో రిఫ్లెక్టర్లు పోయి ఖాళీ కడ్డీలే మిగిలాయి. దారి కనబడకపోతే ఎవడైనా ఎక్కువ లైటే కోరుకుంటాడు. రోడ్డు చూసుకునే శాఖ ముందు అవి సరిచేయాలి.

తనిఖీ మాటకొస్తే, మా దగ్గర ఒక వింత ఉంది. ఏపీ 39 నంబరున్న ఆంధ్ర బండిని ఇటువాళ్లు వదిలేస్తారు, ఓడీ 10 నంబరున్న ఒడిశా బండిని అటువాళ్లు వదిలేస్తారు. ఇది కేంద్రం చేసిన రూలు, సుంకికి ఇటూ అటూ ఒకటే. 2019లో సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని సామాను బిగించి బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలే తీయించారు. నాలుగు బోల్టులతో ఉండే బార్ తీయించడం పెద్ద పని కాదు, నాకు పది నిమిషాలు పడుతుంది.

రెండు రాష్ట్రాల రవాణా అధికారులు సెలవు రోజుల ముందు రాత్రుళ్లు ఘాట్‌కి రెండు చివర్లా నిలబడాలి. ఏది బిగించవచ్చో, ఏది కూడదో తెలుగులో, ఒడియాలో రాయించి మాలాంటి షాపుల్లో అంటించాలి. జరిమానా బండివాడికి మాత్రమే వేసి మమ్మల్ని వదిలేస్తే, వాడు మళ్లీ మా దగ్గరికే వస్తాడు.

సంక్రాంతి తర్వాత నేను బార్ బిగించలేదు. గిరాకీ జయపురం షాపులకి పోతోంది, తెలుసు. నా షాపులో ఇంకా రెండు బార్లు డబ్బా విప్పకుండా ఉన్నాయి. తనిఖీ మొదలుపెడితే ముందు నా దగ్గరికే రమ్మనండి.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
సిమిలిగుడ, కొరాపుట్ జిల్లా