రెండు వందల లేటు ఫీజు

అనంతపురం,
ఆదివారం సాయంత్రం.

ఒరేయ్ సీనా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంట్రా అని నవ్వుకుంటావని తెలుసు. ఫోన్లో అయితే నువ్వు నన్ను పూర్తిగా చెప్పనివ్వవు. మాట నీ మీదికి రాగానే "అది సరేలే, నాయనకు మోకాళ్లు ఎట్లున్నాయి?" అని దారి మళ్లిస్తావు. కాగితానికైతే అడ్డం రాలేవు కదా. (నాయన మోకాళ్లు అట్లే ఉన్నాయి. అదీ చెప్పేశా.)

బుధవారం రాత్రి పదకొండున్నరకు నువ్వు చేసిన ఫోన్ గురించే ఇదంతా. మీ కంపెనీలో ఒకే రోజు అరవై మందిని తీసేశారన్నావు. ఆ మాట అన్న నిమిషానికే "తప్పు నాదే రా. కొత్త కోర్సులు చెయ్యలేదు, పొద్దున ఐదుకు లేవలేదు. నలభై రెండేళ్లొచ్చినాయి, ఏం పీకినాను?" అన్నావు. మరి మిగిలిన యాభై తొమ్మిది మంది సంగతేంది? వాళ్లందరూ ఏడింటి దాకా ముసుగు తన్ని పడుకున్నారా?

నేనూ పెద్దమనిషిలా అరగంట ఓదార్చాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ దుప్పట్లోంచే అంది: "సీనన్నకు బాగానే చెప్తిరి. పోయిన నెల ఆ రెండొందలకు మీకు మీరు ఇట్లే చెప్పుకుంటిరా?"

ఆ రెండొందల కథ సిగ్గేసి నీకు చెప్పలేదు. మా ఆడిటర్ ఆఫీసులో నెలనెలా ఇరవయ్యో తారీఖులోపు జీఎస్టీ రిటర్నులు వెయ్యాలి. ఒక హార్డ్‌వేర్ షాపాయనది మర్చిపోయా. గుర్తొచ్చేసరికి ఇరవై నాలుగు. రోజుకు 50 చొప్పున నాలుగు రోజులకు 200 రూపాయలు లేటు ఫీజు, పన్ను మీద ఇంకొంచెం వడ్డీ. అంతే నష్టం. నా జేబులోంచే కట్టేశా. షాపాయన "ఓస్, దీనికేనా స్వామీ, నలుగురం ఉగ్గాని బజ్జీ తింటే అయిపోయే డబ్బు" అని నవ్వేశాడు.

నేను మాత్రం మూడు రాత్రులు నిద్రపోలేదు రా. తిరిగే ఫ్యాను వైపు చూస్తూ, గ్రూప్-2 మూడుసార్లు తప్పిన సంగతి దగ్గర్నుంచి, చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు దాకా అన్నీ తవ్వుకున్నా. సాయంత్రం ఒక రిటర్ను మర్చిపోయినోణ్ని, తెల్లారేసరికి దేనికీ పనికిరానోణ్ని అయిపోయా.

మా ఆవిడ మాట గుచ్చుకుంది. లెక్కలోణ్ని కదా, మరుసటి రోజు నుంచి ఆఫీసు డైరీ వెనక పేజీలో పద్దు మొదలుపెట్టా. నన్ను నేను తిట్టుకున్నప్పుడల్లా ఒక గీత. గురువారం మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు పదకొండు గీతలు! పెన్ను మూత కనబడకపోతే ఒకటి. ఓటీపీ తప్పు కొడితే ఒకటి. బండి స్టాండు వెయ్యడం మర్చిపోతే "ఎదవా" అని బయటికే అన్నా, పార్కింగు కుర్రాడు తననే అన్నాననుకుని మొహం మాడ్చుకున్నాడు. వాడికి సారీ చెప్పా. నాకెవరు చెప్పాలి?

ఇదంతా మా మేనకోడలికి చెప్పి నవ్వితే, ఆ పిల్ల నవ్వలేదు. సైకాలజీ చదువుతోందిలే. టెక్సస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ నెఫ్ అనే ఆవిడ 2003లోనే దీని మీద పేపర్లు రాసిందట, మనిషి తనమీద తాను ఎంత దయగా ఉన్నాడో కొలిచే ప్రశ్నలు కూడా తయారుచేసిందట. దీన్ని తెలుగులో ఆత్మకరుణ అనాలంది. ఆ మాట వింటే నాకు ప్రవచనం మొదలవుతుందేమోనని భయమేసింది గానీ, లోపలి విషయం గట్టిదే. కష్టంలో ఉన్న స్నేహితుడితో ఎట్లా మాట్లాడతామో మనతో మనం అట్లా మాట్లాడుకోవడం, జరిగినదాన్ని పెంచకుండా తుంచకుండా చూడటం. ఇంకోటి, ఇది మన ఒక్కరికే వచ్చింది కాదని గుర్తుంచుకోవడం. నాకు ఈ చివరిది బాగా పట్టుకుంది.

ఎందుకంటే నాయన దగ్గర అది చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. మన జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లు, అదీ మంచి ఏడాదైతే. బుడ్డలు, అదే వేరుశెనగ, వేసినాక నెల రోజులు చినుకు లేక చేను ఎండిన ఏళ్లు నీకూ గుర్తే. అప్పుడు నాయన ఏమనేవాడు? "పంట పోయింది" అనేవాడు. "నేను పోయినా" అనలేదు. రచ్చకట్ట మీద కూర్చుంటే ఊరందరిదీ అదే మాట. అప్పు అప్పులాగే ఉండేది, ఆయన బాధా తక్కువది కాదు, కొన్ని రోజులు అన్నం సగమే తినేవాడు. కానీ మళ్లీ జూన్‌లో మబ్బు పడితే గొర్రు బయటికి తీసేవాడు. మనం చదువుకున్నోళ్లం కదా, ఉద్యోగం పోతే "నేను ఫెయిలయ్యా" అంటాం.

నువ్వు అడగబోయేది తెలుసు. ఇట్లా బుజ్జగించుకుంటూ కూర్చుంటే సోమరులం అయిపోమా అని. మేనకోడల్ని నేనూ అదే అడిగా. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ అనే ఇద్దరు 2012లో చేసిన పరిశోధన చెప్పింది. కష్టమైన పదాల పరీక్షలో విద్యార్థులు తప్పులు చేశాక, కొందరికి తమమీద తాము దయగా ఉండమని రెండు ముక్కలు చెప్పారట. ఆ తర్వాత రెండో పరీక్షకు వాళ్లే మిగతావాళ్లకంటే ఎక్కువసేపు చదివారట.

వింటుంటే మా జేజి గుర్తొచ్చింది. ఏడో తరగతిలో రేషన్ కిరసనాయిలు తెస్తూ వీధి మలుపులో పడ్డా. డబ్బా బోర్లా పడింది, నేలంతా తాగేసింది. ఏడుస్తూ ఇంటికొస్తే జేజి కొంగుతో నా మోచేయి తుడిచి "పోనీలే నాయనా, దెబ్బ పెద్దది తగల్లేదు కదా" అంది. అని ఊరుకోలేదు. పక్కింట్లో డబ్బులు బదులు తెచ్చి, అదే డబ్బా నా చేతిలో పెట్టి "ఈసారి రెండు చేతుల్తో పట్టుకో, పో" అంది. నిన్ను నువ్వు ప్రేమించుకో అంటూ ఇప్పుడు తిరిగే వీడియోల్లో ఈ రెండో సగం ఉండదు. పని మొదలుపెట్టకముందే పోనీలే అనుకోవడం వేరు, పడ్డాక అనుకోవడం వేరు.

రోజూ సాయంత్రం మన ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నాలుగు రౌండ్లు నడుస్తున్నా. దారంతా ఫ్లెక్సీలే, ఇంటర్ ర్యాంకుల పిల్లల ఫొటోలు, ఒక్కొక్క మొహం తలుపంత. ఫ్లెక్సీలో లేని పిల్లలూ ఆ రోడ్డు మీదే ట్యూషన్‌కు పోవాలి కదా, ఎవరైనా ఆలోచించారో లేదో.

మన కాలేజీ 1916లో పెట్టినప్పుడు దాని పేరేంటో గుర్తుందా? సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ. 1800లో నిజాం తన దగ్గరున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చుల కింద మన జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు, అప్పట్నుంచి మనం "ఇచ్చేసిన జిల్లాలు", దత్తమండలాలు. నూరేళ్లకు పైగా ఆ పేరుతోనే మనల్ని మనం పిలుచుకున్నాం. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అందామన్నది చిలుకూరి నారాయణరావు గారు. మన కాలేజీలోనే తెలుగు చెప్పినాయన, ఊరు మాత్రం శ్రీకాకుళం వైపు. బయటి నుంచి వచ్చిన మనిషికి కనబడింది చూడు! పేరు మారినందుకు చినుకు ఎక్కువ పడలేదు, హంద్రీ-నీవా నీళ్లు రావడానికి ఇంకా ఎన్నేళ్లు పట్టిందో తెలిసిందే. అయినా ఆ పేరు పలికేటప్పుడు మనం కొంచెం నిటారుగా నిలబడతాం. సినిమావాళ్లు మాత్రం కలెక్షన్లు చెప్పేటప్పుడు ఇంకా "సీడెడ్" అనే అంటున్నారు, వాళ్ల ఖర్మ.

మొన్న ఐదో రౌండు తిరుగుతూ (నాలుగే అన్నా కదా, ఆలోచనలో పడి లెక్క తప్పింది, గీత పెట్టలేదు) నీకోసం ఒకటి అనుకున్నా. "తీసేసినోళ్లలో ఒకణ్ని" అన్న పేరు ఎవరో పెట్టారు. దాన్ని నువ్వు కూడా వాడాలా?

మూడు కోర్సులకు ఒకేసారి డబ్బు కట్టేస్తానన్నావే, ఒక నెల ఆగు. బుడ్డల చేలో నలభై ఐదు రోజులు దాటాక నాయన గుంటక పెట్టనివ్వడు. ఊడలు నేలలోకి దిగే టైములో మట్టి కదిలిస్తే కాయ పట్టదంటాడు. కలుపు కనబడితే చేత్తో పీకడమే. నీ నెల జీతాలు మూడు చేతిలో ఉన్నాయన్నావు. ఒక కోర్సు చెయ్, నిద్రపో, పాపను బడికి నువ్వే దించు.

ఈ ఆదివారం డైరీలో గీతలు నాలుగు. తగ్గాయని సంబరపడేలోపు "నాలుగెందుకున్నాయి రా ఎదవా" అని నోట్లోంచి వచ్చేసింది. ఐదు అని రాసుకున్నా.

వచ్చే నెల ఇక్కడికి రా. బెంగళూరు నుంచి నాలుగైదు గంటల దారి, పాపను కూడా తీసుకురా, నేను కిరసనాయిలు డబ్బా పడేసిన మలుపు చూపిస్తా, ఇప్పుడక్కడ ఏటీఎం ఉంది. అమ్మ ఓళిగలు చేస్తానంటోంది. కానీ ఇరవయ్యో తారీఖు దాటాక రా. ఆ హార్డ్‌వేర్ షాపాయనది ఈసారి పద్దెనిమిదికే వేసేస్తా, అయినా ఇరవై దాటాకే రా.

నీ
నాగరాజు